బ్రదికివచ్చినవాని కేది వైద్యము?

2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము, గల్ఫు దేశములలో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల చొప్పున సాయము చేయుటకు ఉత్తరువు గావించినది. 2023 డిసెంబరు 7 తరువాత సంభవించిన మరణములకు ఇది వర్తించును. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల పల్లెలనుండి ఏండ్లతరబడి వినవచ్చిన మొఱకు ఇది సమాధానము. ఆలస్యముగ నైనను మంచిపని జరిగినదని సంకోచము లేక అంగీకరింతుము. కాని మందమర్రివంటి యూరి వీథిలో నిలిచి ఆ ఉత్తరువును చదువువానికి ఒక ప్రశ్న తోచక మానదు. పెట్టెలో వచ్చినవాని యింటికి సర్కారు నడచివచ్చుచున్నది. విమానము దిగి తన కాళ్లతో నడచివచ్చి, ఆరుమాసములకే మంచము పట్టినవాని గతి యేమి?

మందమర్రి బొగ్గుమీద పుట్టి బొగ్గుమీద బ్రదికిన యూరు. 1990 ప్రాంతమున సింగరేణి గనులలో లక్షకు పైబడిన కార్మికు లుండిరి. నేడు ఆ సంఖ్య నలుబది వేలకు చేరువకు దిగినది. తండ్రి దిగిన గనిలో కొడుకునకు చోటు లేకపోయినది. కొందఱు హైదరాబాదు చేరిరి, కొందఱు దుబాయి, సౌదీ, కతరు దారి పట్టిరి. కావున ఈ యూరివారికి శ్రమవలన కలుగు రోగమన నేమో ఎవరును బోధింప నక్కరలేదు.

గనికార్మికుడు తన వైద్యమును భిక్షగా పొందలేదు, పోరాడి పొందెను. 1955 నాటి గనుల నియమావళి పనిలో చేరునాడును, పిదప 5 సంవత్సరముల కొకమారును వైద్యపరీక్షను నిర్బంధము చేసినది. రామకృష్ణాపురమున కంపెనీ ఆసుపత్రి యున్నది. 2017 నాటి వేతన ఒప్పందము పిమ్మట, విరమించిన కార్మికుడు తన వాటా చెల్లించినచో, దంపతు లిరువురకు జీవితకాలమున 8 లక్షల వఱకు చికిత్స దొరకు ఏర్పాటు వచ్చినది. ఇందు లోపములు లేవని మేమనము. ఒక గుండె శస్త్రచికిత్స, ఒక కాన్సరు చికిత్స వచ్చెనా, ఆ మొత్తము హరించిపోవును. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకమున కరువుభత్యమన్న మాటయే లేదు. బొగ్గుధూళివలని ఊపిరితిత్తుల వ్యాధి ఉద్యోగము విడిచిన చాలయేండ్లకును బయటపడవచ్చును. అయినను ఆ వృద్ధుని చేత నొక కార్డున్నది, పోయి తగవులాడుటకు ఒక ఆసుపత్రి యున్నది. తగవులాడుటకు చోటుండుటయు చిన్న భాగ్యము కాదు.

అతని కొడుకునకు అదియు లేదు. గల్ఫు పోవునాడు వానికి రక్తము, మూత్రము, రొమ్ము ఎక్స్‌రే అన్నియు పరీక్షింతురు; ఆ వ్యయము తఱచుగా వాని నెత్తిమీదనే పడును. లోపమున్నచో వీసా రాదు. అనగా, ఇతడు ఆరోగ్యవంతుడై మన నేల విడిచినాడని వ్రాతమూలమైన సాక్ష్యమున్నది. తిరిగివచ్చునాడు మాత్రము వానిని పరీక్షించు నాథుడు లేడు. ఆరోగ్యవంతుని తీసికొని రోగిని పంపిన లెక్క ఏ దస్త్రమునను కానరాదు.

ఆ దేశములలో చట్టములు లేకపోలేదు. సౌదీ అరేబియా 1999లోనే విదేశీయులకు యజమాని ఆరోగ్యబీమా చేయవలెనని శాసించెను. దుబాయి 2013లో చట్టము చేసెను; 2025 జనవరి 1 నుండి ఎమిరేట్లన్నిటను ప్రైవేటు ఉద్యోగులకును, ఇంటిపనివారికిని బీమా తప్పనిసరి యైనది. అచట వేసవిలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము పన్నెండున్నర నుండి మూడు గంటల దాక ఎండలో పని నిషిద్ధము. సంతోషమే. కాని ఆ బీమా మనిషిని పట్టి యుండునది కాదు, కొలువును పట్టి యుండునది. కొలువు పోయిన కార్డు పోవును. యజమాని బాధ కోర్వలేక పాఱిపోయినవాడు చట్టవిరుద్ధుడగును. వానికి ఆసుపత్రి గుమ్మము కంటె పోలీసు ఠాణా దగ్గర. ఏండ్లతరబడి మండుటెండలో, నీరు చాలక శ్రమించువారి మూత్రపిండములు చెడుచున్నవని గల్ఫునుండి మరలిన నేపాళ కార్మికుల విషయమున వైద్యులు హెచ్చరించిరి. మన కార్మికుడును ఆ యెండలోనే పనిచేయుచున్నాడు.

కేంద్రప్రభుత్వమువారి ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో వెలసినది. 2017 సవరణ ననుసరించి రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినవానికి ప్రమాదమరణమునకు 10 లక్షలు, రోగమునకు 1 లక్ష వఱకు లభించునట్లు చేసిరి. అల్పమైన రుసుముకు అది మేలే. అయితే వలస అనుమతి కావలసిన పాస్‌పోర్టు గలవారికే అది నిర్బంధము. పదవ తరగతి గట్టెక్కినవానికి ఆ అనుమతి అక్కరలేదు, కనుక బీమాయు అక్కరలేదట! చదువుకొన్నవానికి రోగము రాదని ఢిల్లీవారి విశ్వాసము కాబోలు.

మఱియొక తెగ ప్రవాసులను గూర్చియు ఒక మాట. కొడుకులు, కూఁతుళ్లు అమెరికాలో స్థిరపడి తలిదండ్రులను రమ్మని పిలుచుచున్నారు. ఇచటి కంపెనీ కార్డుగాని, ఆరోగ్యశ్రీగాని, 2024 అక్టోబరులో 70 ఏండ్లు దాటినవారికి విస్తరించిన ఆయుష్మాన్ భారత్‌గాని సముద్రము దాటదు. అచటి మెడికేరు గ్రీన్‌కార్డు దొరికి 65 నిండిన పెద్దలకును అయిదేండ్లు ఎడతెగక నివసించినగాని అందదు. సందర్శకుల బీమాలలో పెక్కు పాతరోగములను తొలగించును. వీరు మాత్రల పొట్లములు మూట గట్టుకొని పోయి, వాని లెక్కనుబట్టి తిరుగుప్రయాణము నిర్ణయించుకొనుచున్నారు. వీరికి సంతానపు ఆదుకోలైన నున్నది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగినది గదా, గల్ఫునుండి వచ్చినవానికి అది చాలదా యని అడుగువారు కలరు. ఆసుపత్రిలో చేరి జాబితాలోని చికిత్స పొందువానికి అది నిజముగ రక్షయే. రోగమున్నదని తెలియనివాడు ఆసుపత్రిలో ఎట్లు చేరును? తెలియునాటికి మూత్రపిండములు మిగులవు.

కేరళ ప్రభుత్వము 2025లో నోర్కా సంస్థ ద్వారా తన ప్రవాసులకు ఆరోగ్యబీమా ప్రారంభించినది. మన ప్రభుత్వము అంతదూరము పోవుటకు ముందు చేయదగిన పని మంచిర్యాలలోనే యున్నది. అచట 2022 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. తిరిగివచ్చిన ప్రతి కార్మికునికి, పాస్‌పోర్టు చూపినంతనే, మూడు మాసములలోపల అచట ఉచితముగ పరీక్ష జరుపవలెను. ఆ ఫలితమును పోవునాటి పరీక్షతో పోల్చి నమోదు చేయవలెను. కేంద్రపు బీమా మరలివచ్చిన పిదపను ఒక యేడు నిలువవలెను. సింగరేణిలో 51 వంతులు రాష్ట్రమువే గనుక రామకృష్ణాపురపు ఆసుపత్రి తలుపు కూడ గనికార్మికుల బిడ్డలైన వలసకార్మికులకు తెఱవవచ్చును. ఉన్న పడకలే చాలవని కార్మికసంఘములు ఆక్షేపించునేమో. అట్లయిన పడకలు పెంచుమని కలిసి అడుగుదురు గాక. ఈ మూటిలో మొదటిదానికి క్రొత్త చట్టమక్కరలేదు, జిల్లా కలెక్టరు ఆజ్ఞ యొకటి చాలును.