ఎక్స్‌రే గదిలో రోగి లెక్క ఎవరు రాస్తారు?

ఎక్స్‌రే తీసే ఉద్యోగి ఛాతీకి చిన్న బ్యాడ్జి ఒకటి తగిలించుకోవాలి. మూడు నెలలకొకమారు దానిని పరీక్షించి, అతనికి సోకిన రేడియేషన్ ఎంతో లెక్కగడతారు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం అది ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదు. ఐదేళ్ల సగటు 20 దాటరాదు. రోగికి ఇటువంటి పరిమితి లేదు. వ్యాధి తేల్చడానికి ఎంత అవసరమో అంత అని వైద్యుని విచక్షణకే వదిలారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అంకె అడ్డుపడరాదు కనుక ఇది సబబే. అయితే రోగి లెక్కను గుర్తుంచుకునేవారెవరన్నదే ప్రశ్న.

మన సరిహద్దు పల్లెలకు ఈ ప్రశ్న మరింత వర్తిస్తుంది. సింధనూరు క్యాంపులోని రైతుకు కడుపునొప్పి తగ్గకపోతే రాయచూరు, అక్కడా తేలకపోతే కర్నూలు లేదా హైదరాబాదు. రాష్ట్రం మారుతుంది, ఆస్పత్రి మారుతుంది, పాత ఫిల్మ్ ఇంట్లో పెట్టెలో ఉండిపోతుంది. మళ్లీ సీటీ తీస్తారు. ఛాతీ ఎక్స్‌రేకు సోకేది 0.1 మిల్లీసీవర్టు లోపే, దానికి భయపడనక్కరలేదు. నేల, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ సహజంగా ఏటా అందేది ప్రపంచ సగటున 2.4. కడుపు సీటీ ఒక్కటే 8 నుంచి 10 వరకు, అంటే మూడు నాలుగేళ్లది ఒక్క పూటలో. అవసరమైన సీటీని కాదనడం అవివేకం. పాత ఫిల్మో, సీడీయో చూపితే తప్పిపోయే సీటీని మళ్లీ తీయించుకోవడం అంతకంటే అవివేకం. (మనవాళ్లు అన్నింటినీ ‘స్కానింగ్’ అంటారు గాని, గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్‌లోను, ఎమ్మారైలోను ఈ కిరణాలు ఉండవు.)

గర్భిణులు ముందే తెలియజేయాలన్న హెచ్చరిక మన జిల్లాలో కన్నడంలోనో ఆంగ్లంలోనో కనిపిస్తుంది. తెలుగు మాత్రమే చదివిన కోడలికి, అసలు చదువే లేని అత్తకు ఆ పలక గోడకున్న బొమ్మతో సమానం. అందువల్ల సిబ్బంది నోటితో అడగాలి. అడగకపోతే మన ఆడవాళ్లే చెప్పాలి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

రోగి పొత్తికడుపుపై సీసపు కవచం కప్పే పాత అలవాటు అన్నివేళలా అవసరం లేదని 2019లో అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం ప్రకటించింది. కిరణాలు పడే మేరను అవసరమైన భాగానికే కుదించడం మేలు. సిబ్బందికి మాత్రం కవచం తప్పదు. ఎముకలు సరిచేసే ఆపరేషన్లలో రోగి శరీరం నుంచి చెదిరే కిరణాలు వారికే తగులుతాయి. దూరం రెట్టింపైతే తాకిడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. వెంట వచ్చిన బంధువులను సిబ్బంది బయటికి పంపేది ఇందుకే. బిడ్డను పట్టుకోక తప్పకపోతే గర్భిణి కాని పెద్దవారొక్కరు, కవచం ధరించి లోపల ఉంటే చాలు.