అడ్డుగుడ్డ కట్టండి, ఓటుకు అడ్డుపడకండి

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. ఆ రోజు హైదరాబాదు లోక్‌సభ స్థానానికి పోటీ చేస్తున్న బీజేపీ అభ్యర్థి మాధవీలత ఒక పోలింగ్ కేంద్రంలోకి వెళ్లారు. ఓటు వేయడానికి వచ్చి కూర్చున్న ముస్లిం స్త్రీల గుర్తింపు కార్డులు తీసుకున్నారు. ముసుగు ఎత్తమని అడిగి, కార్డు మీది ఫోటోతో ముఖాలు పోల్చి చూశారు. పక్కనే కెమెరాలున్నాయి. మగవాళ్లున్నారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. మలక్‌పేట పోలీసులు కేసు పెట్టారు. అభ్యర్థిని కాబట్టి తనిఖీ చేసే హక్కు తనకుందని ఆమె సమర్థించుకున్నారు.

అలాంటి హక్కు ఏ చట్టమూ ఏ అభ్యర్థికీ ఇవ్వలేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 36వ నియమం తీసి చదవండి. వచ్చిన ఓటరు అసలు మనిషి కాదని అనుమానం కలిగితే పోలింగ్ ఏజెంటు 2 రూపాయలు డిపాజిట్ కట్టి ప్రిసైడింగ్ అధికారికి అభ్యంతరం చెప్పుకోవాలి. విచారణ జరిపేది ఆ అధికారి. అనుమానం రుజువు కాకపోతే ఓటరు ఓటేస్తుంది. ఊరికే వేధించడానికి లేపిన అభ్యంతరమని తేలితే ఆ 2 రూపాయలు కూడా పోతాయి. అభ్యర్థికైనా ఏజెంటుకైనా దక్కేది అంతవరకే. ఆడమనిషిని ముసుగు తీయమనే అధికారం పార్టీ కండువా వేసుకున్నవాళ్లకు ఎక్కడా లేదు.

అయితే ఈ తప్పునంతా ఒక అభ్యర్థి నెత్తిన వేసి ఊరుకోలేను. ఇంతకంటే లోతైన గాయం 2010 జనవరిలోనే తగిలింది. ఓటర్ల జాబితాలో ఘోషా (పరదా పాటించే) స్త్రీల ఫోటోలు అచ్చువేయడం తమ మతాచారానికి విరుద్ధమంటూ తమిళనాడు నుంచి ఒక పిటిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అంతకుముందే 2006లో మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్, జస్టిస్ దీపక్ వర్మల ధర్మాసనం విచారణ సమయంలో అన్న మాట మరునాడు పత్రికలన్నిటా వచ్చింది: మతభావాలు అంత బలంగా ఉంటే ఓటుకు వెళ్లకండి.

ఓటుకు వెళ్లకండి అని ఒక పౌరురాలికి చెప్పే స్థానం ఈ గణతంత్రంలో ఎవరికీ లేదు. న్యాయపీఠానికి కూడా లేదు. 18 ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటరుగా నమోదయ్యే అర్హత ఉందని రాజ్యాంగం 326వ అధికరణంలో రాసుకున్నాం. మతాన్ని ఆచరించే స్వేచ్ఛ ఉందని 25వ అధికరణంలో రాసుకున్నాం. ఆ రెంటిలో ఒకటి వదులుకుంటేనే రెండోది దక్కుతుందని ఎక్కడా రాసుకోలేదు.

ఫోటో అక్కరలేదని నేను అనడం లేదు. ఫోటో కావాలి. 1993లో ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్ ఫోటో గుర్తింపు కార్డులకు పట్టుబట్టకముందు ఎన్నికలు ఎలా జరిగేవో రాయలసీమలో పెద్దవాళ్లను అడగండి. చచ్చినవాళ్ల ఓట్లు పడేవి, ఊళ్లో లేనివాళ్ల ఓట్లు పడేవి. దొంగ ఓటు ఏ మతానికీ మేలు చేయదు. అది పేదవాడి ఓటును మింగేస్తుంది. కాబట్టి ముఖం ఒకసారి చూడాల్సిందే. ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి, ఎందరి ఎదుట చూడాలి అన్నదే తేల్చుకోవాల్సింది.

దీనికీ జవాబు ఎప్పుడో రాసిపెట్టి ఉంది. బురఖా ధరించే ఓటర్లు ఎక్కువగా ఉన్నచోట మహిళా పోలింగ్ అధికారితో, మరుగైన చోట, వారి గౌరవానికి భంగం రాకుండా గుర్తింపు చూడాలనీ, వేలికి సిరా అక్కడే పెట్టాలనీ ఎన్నికల సంఘం తన అధికారులకిచ్చే చేతిపుస్తకంలోనే ఉంది. ఖర్చు కూడా అక్కరలేదు, స్థానికంగా దొరికే మంచమో గుడ్డో అడ్డుపెట్టుకోవచ్చని అందులోనే చెప్పారు. ఒక మంచం, ఒక గుడ్డ, ఒక మహిళా ఉద్యోగి! ఈ మూడూ సమకూర్చలేని యంత్రాంగం గులాబీ రంగు వేసిన మహిళా పోలింగ్ కేంద్రాల ముందు నిలబడి ఫోటోలు దిగుతుంది.

మనకు ఈ సంగతి కొత్తదీ కాదు. మద్రాసులో 1885లో ఘోషా స్త్రీల కోసం ఒక ఆసుపత్రి పెట్టారు. విశాఖపట్నంలో ఘోషాసుపత్రి అంటే నేటికీ తెలియనివారుండరు. మగ డాక్టరు ముందుకు రాని స్త్రీకి వైద్యం అందించడానికి పరాయి పాలకుల కాలంలోనే ఆసుపత్రులకు ఆసుపత్రులే లేచాయి. నీ ఆచారం నీదైతే ఆసుపత్రికి రావద్దు అని ఆనాడు ఎవరూ అనలేదు.

చట్టాలూ ఇదే దారిన నడిచాయి. దేశాచారం ప్రకారం నలుగురిలోకి రాని స్త్రీలను కోర్టుకు రమ్మని బలవంతపెట్టరాదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్ చెబుతుంది. అది ఇప్పటికీ అమలులో ఉంది. కోర్టుకు రావడం నుంచి అలా మినహాయింపు పొందినవారి ఇంటికి రిజిస్ట్రేషన్ అధికారి తానే వెళ్లాలని, లేదా కమిషన్ వేయాలని రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. అంటే రెండెకరాల చేను అమ్ముకోవడానికి సర్కారు ఆమె గడప దాకా వస్తుంది. దేశాన్ని ఎవరు ఏలాలో చెప్పడానికి ఆమె పోలింగ్ జరిగే బడి దాకా వస్తే మాత్రం, మొహం చూపిస్తావా, వెనక్కి పోతావా అని అడుగుతుంది. చేనుకు ఇచ్చిన మర్యాద ఓటుకు ఇవ్వలేని రాజ్యాన్ని ఏమనాలి?

ఇదంతా హైదరాబాదు పాతబస్తీ గొడవ, అమరాపురంలో కూర్చున్న మనకెందుకు అంటారా? మన అమరాపురం మండలం మడకశిర నియోజకవర్గంలోది. 2024లో అదే మే 13న మడకశిర ఎమ్మెల్యే ఎవరో తేల్చింది 351 ఓట్ల తేడా! ఒక్క పోలింగ్ కేంద్రంలో వరసలో నిలబడేవారి సంఖ్య కంటే తక్కువ. హిందూపురంలో, కదిరిలో, బాబయ్య దర్గా ఉన్న పెనుకొండలో బురఖాతో వచ్చే తల్లులు, ఆడబిడ్డలు ఎందరో ఆ ఊళ్లలో తిరిగేవాళ్లకు తెలుసు. వాళ్లలో కొందరు అవమానానికి జంకి ఇంట్లోనే ఉండిపోతే ఫలితం తారుమారు కావడానికి ఎంతసేపు? ఆ లెక్క తెలిసినవాళ్లే పోలింగ్ కేంద్రాల దగ్గర ముసుగుల గురించి గొంతు పెంచుతారు.

ఇక రెండో వైపు వారికీ ఒక మాట. ఫోటోనే వద్దని వాదించే పెద్దలారా, హజ్‌కు పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టుకు గడ్డం నుంచి నుదురు దాకా ముఖం కనిపించే ఫోటో కావాలి. ఆ ఫోటో దిగి ఏటా మన ఊళ్ల నుంచి స్త్రీలు మక్కాకు వెళ్లివస్తున్నారు. ఇహ్రామ్‌లో, అంటే హజ్ దీక్షలో ఉన్నప్పుడు స్త్రీ ముఖానికి నఖాబ్ కట్టుకోకూడదని మీరే బోధిస్తారు. యాత్రకు అడ్డురాని ఫోటో ఓటుకు ఎందుకు అడ్డొచ్చింది? ఆడవాళ్ల ఓటు ఆడవాళ్లదేనని ఒప్పుకోలేని మగవాళ్లు మతం పేరుతో చేసే వాదన ఇది. సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆ పిటిషన్‌లో ఒక్క బాధ మాత్రం న్యాయమైనదే. ఫోటోలతో అచ్చయిన జాబితా ప్రతులు గుర్తింపు పొందిన పార్టీలకు చేరతాయి. కార్డు ఆమె చేతిలో ఉంటుంది, జాబితా ఊళ్లోని ప్రతి పార్టీ కార్యకర్త చేతిలో తిరుగుతుంది. ఎన్నికల అధికారి దగ్గరున్న ప్రతిలో ఫోటో ఉంటే చాలదా? వెబ్‌సైట్‌లో పెట్టే జాబితాలో ఫోటోలు తీసేస్తున్నప్పుడు పార్టీల ప్రతిలో ఎందుకు తీయరు? దీనికి సూటిగా జవాబు చెప్పాల్సింది పోయి, ఓటుకే రావద్దన్నారు.

కెనడాలో హటరైట్లనే క్రైస్తవులున్నారు. ఫోటో దిగడం దైవాజ్ఞను మీరడమని నమ్ముతారు. అల్బర్టా రాష్ట్రం 1974 నుంచి వారికి ఫోటో లేని డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చి, 2003లో ఆపేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2009లో నలుగురు ఇటు, ముగ్గురు అటుగా తీర్పు వచ్చింది. హటరైట్లు ఓడిపోయారు. బండి నడిపేవాడిని కూలికి పెట్టుకోవచ్చు కదా అన్నది అక్కడి మెజారిటీ చెప్పిన కారణాల్లో ఒకటి. బండికైతే ఆ మాట సరిపోవచ్చు. ఓటు వేయడానికి కూలికి మనిషిని పెట్టుకోగలమా? వాహనాల లైసెన్సుకే ముగ్గురు న్యాయమూర్తులు విభేదించినప్పుడు, ప్రజాస్వామ్యానికి మూలమైన హక్కు దగ్గర మనం ఇంకెంత ఆలోచించాలి! బ్రిటన్ ఆలోచించింది. 2022లో ఓటుకు ఫోటో గుర్తింపు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడే, ముసుగు ధరించినవారు చాటుగా ముఖం చూపే ఏర్పాటు, ముసుగు మళ్లీ సర్దుకోవడానికి అద్దం పోలింగ్ కేంద్రాల్లో ఉండేలా చూసింది. అద్దం సంగతి కూడా మరిచిపోలేదు!

మన దేశం మొదటి సాధారణ ఎన్నికల్లో ఇంతకంటే పెద్ద చిక్కు ఎదుర్కొంది. తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని మాత్రమే రాయించుకున్న స్త్రీలు సుమారు 28 లక్షల మంది. సొంత పేరు లేనిదే జాబితాలో ఉంచేది లేదని నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు, ఆ పేర్లు తొలగిపోయాయి. కఠినమైన నిర్ణయమే. కానీ ఆయన వాళ్లను ఓటుకు రావద్దనలేదు, పేరు చెప్పి రమ్మన్నారు. పట్టుదల అంటే అలా ఉండాలి.

శ్రీ సత్యసాయి జిల్లా ఎన్నికల అధికారులను అడుగుతున్నాను. వచ్చే ఎన్నిక పంచాయతీదైనా పార్లమెంటుదైనా, బురఖా ధరించే ఓటర్లున్న ప్రతి పోలింగ్ కేంద్రంలో ఒక మహిళా ఉద్యోగినీ ఒక మరుగునూ ముందుగానే ఏర్పాటు చేయండి. ఫలానా కేంద్రంలో ఏర్పాటు ఉందని నోటీసు బోర్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ, మన సరిహద్దు ఊళ్లలో కన్నడంలోనూ రాయండి. ధర్మవరం మగ్గాలున్న జిల్లాలో అడ్డుగుడ్డకు కరువు లేదు. పార్టీ ఏజెంటు ఎవరైనా ముసుగు మీద చేయి వేస్తే, నోరు పారేసుకుంటే, అక్కడికక్కడే బయటికి పంపండి. ఓటరు చెల్లెళ్లారా, మీ కార్డు పట్టుకుని రండి. మహిళా అధికారి కావాలని అడగండి. లేదంటే ప్రిసైడింగ్ అధికారి పేరు పెట్టి ఫిర్యాదు రాయండి, ఓటు వేయకుండా మాత్రం ఇంటికి పోకండి.