మన కాలువకూ ఒక పడవ కావాలి

వెనిస్ బొమ్మలు చూసి మురిసిపోతాం. మన నెల్లూరు తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువను ఎందరం చూశాం? 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఈ కాలువ పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగింది. 1877-78 కరువులో మద్రాసు నగరంలోని ముక్కను తవ్వింది ఆకలికి తాళలేక కూలికొచ్చిన జనం. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు ఈ నీళ్ళ మీదే పట్నం చేరేవి.

2008లో దీన్ని జాతీయ జలమార్గంలో చేర్చారు. కాగితం మీద పడవ నడవదు గదా! కేరళలోని అలప్పుళలో సర్కారు పడవలు బస్సుల్లా టిక్కెట్టు మీద తిరుగుతున్నాయి. ఇక్కడా కనీసం ఒక భాగం పూడిక తీసి అలాంటిది నడపాలి. షికారు లాంచీ కాదు. చేపల బుట్టతో అమ్మా, పుస్తకాలతో విద్యార్థీ పక్కపక్కన కూర్చునే పడవ. దారిలో పాత లాకుల కట్టడాలు కనిపిస్తాయి. కళ్ళారా చూసినదాన్నే గదా జనం కాపాడుకునేది!