పగటివేషాల పరాన్నజీవి

పగటివేషగాళ్లను చూశారా? నిన్న శివుడు, ఇవాళ సోమయాజులు, రేపు ఇంకొకరు. మనిషి ఒక్కడే. పెట్టెలో వేషాలు మాత్రం బోలెడు! మలేరియా పరాన్నజీవిదీ అచ్చం ఇదే విద్య. దాని పెట్టె నిండా జన్యువులే.

దీనికి రెండిళ్ల కాపురం. ఒకటి మన ఒళ్లు. రెండోది దోమ కడుపు. అక్కడ దాన్ని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పుడు ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడలోని సీసీఎంబీలోనూ దీని గుట్టు విప్పే పరిశోధనలు సాగుతున్నాయి.

మన ఒంట్లో వేడి 37 డిగ్రీలు. దోమ ఒళ్లు అంతకన్నా చల్లన. నెత్తురుతో పాటు అక్కడికి జారగానే, ఆ చల్లదనమే పరాన్నజీవికి ఒక కబురు. మగకణాలు పావుగంటలో విడిపోయి ఆడకణాల్ని వెతుక్కుంటాయి. ఆడకణాలది ఇంకా ముందుచూపు. దోమలో కావలసిన ప్రొటీన్లకు ఆదేశాలను మన ఒంట్లో ఉండగానే రాసి, అట్టే పెట్టుకుంటాయి. ఇల్లు మారాకే వాటిని అమలు చేస్తాయి.

అసలు గడుసుదనం మన నెత్తురులో చూడాలి. ఫాల్సిపారం రకానికి దాదాపు 5,300 జన్యువులున్నాయని 2002లో లెక్క తేలింది. వాటిలో 60 దాకా ‘వార్’ జన్యువులు. ఇవి తయారుచేయించే ప్రొటీన్ ఎర్ర రక్తకణం పైకి చేరి, దాన్ని రక్తనాళం గోడకు అంటిస్తుంది. అలా అంటుకోకపోతే కణం ప్లీహంలోకి వెళ్లి నాశనమైపోతుంది. చిక్కేమిటంటే, పైకి కనిపించే ఆ ప్రొటీన్‌ను మన రోగనిరోధక శక్తి గుర్తుపట్టేస్తుంది. అందుకే పరాన్నజీవి ఒకసారికి ఒక్క వార్ జన్యువునే వాడుతుంది. మిగతావన్నీ గట్టిగా చుట్టిన దారపుండల్లా మూగగా పడి ఉంటాయి. మన శరీరం ఒక వేషాన్ని పోల్చుకునేలోగా కొన్ని పరాన్నజీవులు ఇంకో ఉండ విప్పుతాయి. మళ్లీ వెతుకులాట మొదటికి!

మలేరియా టీకాకు ఇన్నేళ్లు పట్టడానికి ఇదీ ఒక కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకటి, 2023లో ఒకటి టీకాలను సిఫారసు చేసింది. ఆ రెండూ పరాన్నజీవిని రక్తకణాల్లోకి చేరకముందే, అంటే ఈ వేషాలు మొదలుకాకముందే అడ్డుకోవాలని చూస్తాయి.

కాబట్టి మలేరియా వచ్చినప్పుడు జ్వరం దిగిందని మందులు మధ్యలో ఆపకండి. ఆట అయిపోయి ఉండకపోవచ్చు. లోపల వేషం మారుతుండవచ్చు!