ఫైలులోకి ఎక్కని తల్లి

మా సంఘంలో ఒక చెల్లెలు ఆరు ఆదివారాలుగా ఆరాధనకు రావడం లేదని పెద్దలు నాతో అన్నారు. సోలాపూర్ మగ్గాల వాడల్లో మాది చిన్న సంఘం, ఎవరు రాకపోయినా తెలిసిపోతుంది. కనుక్కుంటే సంగతి ఇది. ఆమె విడాకుల కేసు నడుస్తోంది. కొడుకును చూసుకోవడానికి కోర్టు ఆమెకు ఇచ్చిన సమయం ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. మా ఆరాధన కూడా సరిగ్గా అప్పుడే.

ఈ కేసులో నా తప్పు కూడా ఉంది. అందుకే రాస్తున్నాను.

భార్యాభర్తలిద్దరివీ తాతల కాలంలో తెలంగాణ నుంచి బతుకుదెరువుకు ఇక్కడికి వచ్చిన పద్మశాలి కుటుంబాలే. అతను పవర్‌లూమ్ మీద టవల్స్ నేస్తాడు, పన్నెండు గంటల పాళీ. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. పెళ్లి హిందూ పద్ధతిలో జరిగింది. కొన్నేళ్లకు ఆమె ఒక్కతే బాప్తిస్మం తీసుకుంది. ఇంట్లో తాగుడు, కొట్లాటలు ఎక్కువయ్యాక మూడేళ్ల పాపను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఏడేళ్ల కొడుకు నానమ్మ దగ్గరే ఉండిపోయాడు. నా దగ్గరికి వచ్చి ఏడిస్తే నేను చెప్పిన మాట, "కోర్టు దాకా ఎందుకమ్మా, ప్రార్థన చేద్దాం, పెద్దలతో మాట్లాడిద్దాం" అని. ఆ మాట్లాడించడంలోనే ఎనిమిది నెలలు పోయాయి.

చివరికి భర్తే విడాకులకు వేశాడు. పాపను కోర్టు తల్లి దగ్గరే ఉంచింది. బాబు ఎనిమిది నెలలుగా నానమ్మ ఇంట్లో ఉన్నాడు, బడి అక్కడే, ఇప్పుడు కదిలించడం మంచిది కాదని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. న్యాయమూర్తి అన్యాయం చేశారని నేను అనలేను. ఆయన ముందున్న కాగితాలను బట్టి అది సబబే. ఆ ఎనిమిది నెలలు ఇచ్చింది నేను. "జడ్జి సాబు నన్ను ఏం అడగలే అయ్యగారూ, కాయిదాలే చూసిండు" అంది ఆమె.

పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో మన చట్టం గట్టి కొలతలేవీ పెట్టలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 26వ సెక్షన్ అయినా, క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో 41, 43 సెక్షన్లయినా చెప్పేది దాదాపు ఒకటే: కోర్టు తనకు తగినదని తోచిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మాత్రం బిడ్డ వయసు, మతం, సంరక్షకుల నడవడి, స్తోమత చూడమంటుంది. ఊహ తెలిసిన బిడ్డ అయితే ఇష్టం కూడా అడగవచ్చంటుంది. దేనికి ఎంత బరువు ఇవ్వాలో న్యాయమూర్తి విచక్షణే. 1973లో సుప్రీంకోర్టు తేల్చిన రోజీ జేకబ్ కేసు ఒక క్రైస్తవ కుటుంబానిదే. అవే పిల్లలు, అదే మద్రాసు హైకోర్టు. ఒక న్యాయమూర్తి ఒకలా చూశారు, పైన కూర్చున్న బెంచ్ ఇంకోలా చూసింది. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటవస్తువులూ కాదన్న మాటను సుప్రీంకోర్టు చెప్పింది ఆ కేసులోనే.

ఇక మన సంఘాలు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం హిందూ మతం విడిచిన తల్లిగాని తండ్రిగాని బిడ్డకు సహజ సంరక్షకులు కాలేరు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతం మారడం విడాకులకు ఒక కారణం. భర్త లాయరు ఈ రెండూ రాశాడు. బాప్తిస్మం ఇచ్చే ముందు ఎంతమంది కాపరులం ఈ మాట చెబుతున్నాం? నేను చెప్పలేదు. నాకప్పుడు తెలియదు కూడా.

అయితే అదే 1956 చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికన్నా పైనంటుంది. సహజ సంరక్షకత్వం వేరు, బిడ్డను దగ్గర ఉంచుకోవడం వేరు. ఈ చెల్లెలికి కొడుకు తిరిగి దక్కే దారి ఏదైనా ఉందంటే అది న్యాయమూర్తి విచక్షణలోనే ఉంది. "జడ్జీల ఇష్టారాజ్యం" అని తిట్టేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించకపోవడానికి కారణం ఇదే.

సొలొమోను తీర్పు మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. రాజు ముందు నిలబడినవారిద్దరూ వేశ్యలు. ఆయన వారి నడవడి అడగలేదు, సంపాదన అడగలేదు. బిడ్డ బతకాలని ఎవరు కోరుతున్నారో అదే చూశాడు. ఇవాళ్టి న్యాయమూర్తికి కత్తి తెప్పించే వీలు లేదు, ఆయనకు ఫైలే దిక్కు. ఫైలులో లేనిచోట ఆయన అలవాటు మాట్లాడుతుంది: సొంత ఇల్లు ఎవరికుంది, నెల జీతం ఎవరికుంది అని.

మా చెల్లెలి ఫైలు తిరగేస్తే వృత్తి దగ్గర "గృహిణి" అని ఉంది. ఆమెకు బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంది, పీఎఫ్ లెక్క ఉంది. లాయరు అడగలేదు, ఆమె ఇవ్వలేదు. పిల్లవాడి టీకాల కార్డు, జ్వరమొచ్చినప్పుడు ఆమె దాచుకున్న ఆసుపత్రి చీటీలు, బడి ఫీజు రశీదులు అన్నీ రేకు పెట్టెలోనే ఉండిపోయాయి. మా పెద్దలేమో ఆమె మంచి విశ్వాసి అని సంఘం తరఫున ఒక ఉత్తరం ఇద్దామన్నారు. వద్దన్నాను. మతం మీదే వాదన నడుస్తున్నచోట ఆ ఉత్తరం ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా!

ఇప్పుడు ఆమెకు జిల్లా న్యాయ సేవల సంస్థ ద్వారా లాయరు దొరికారు. 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఆ సహాయం ఉచితం. 2020 నవంబరులో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు భరణం కేసులో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలి. భరణం అర్జీ పెట్టిన రోజు నుంచి లెక్క కట్టాలి. యువతా, మీలో చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో ఇంటికి వెళ్లి ఇలాంటి పెట్టెలు తెరిపించి కాగితాలు తేదీల వారీగా పేర్చి ఇవ్వగలరు. దీనికి వకాలత్ చదువు అక్కరలేదు. ఇంటి నుంచి బయటికి వచ్చిన తల్లి పిల్లల కోసం అర్జీ పెట్టడానికి మొదటి వారంలోనే తోడు వెళ్లండి, నాలాగా ఎనిమిది నెలలు ఆపకండి. సమాధానపరచాలనుకుంటే అర్జీ పెట్టాక కూడా చేయవచ్చు. కుటుంబ న్యాయస్థానం కూడా ముందు చూసేది రాజీకే.

బాబు విషయం ఇంకా తేలలేదు. మేము మాత్రం ఆరాధన ఉదయం ఆరున్నరకు మార్చాం. రాత్రి పాళీ దిగిన మగవాళ్లు నిద్రకళ్లతోనే వస్తున్నారు, కొంచెం గొణుగుతున్నారు కూడా. ఎనిమిదింటికి ఆశీర్వాదం కాగానే ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని ఆటో ఎక్కుతుంది.