నగు రాలేదని చెప్పగలిగినోడు వాటా అడగలేడా?

బేతంచెర్లలో భాగస్తులు లేని బండల ఫ్యాక్టరీ వెతికితే గానీ దొరకదు. ఒకరిది స్థలం, ఒకరిది మిషను, ఇంకొకరికి లారీలోళ్లతో పరిచయం. చాలాసార్లు ముగ్గురూ ఒకే బడిలో చదివినవాళ్లే. అట్లాంటి ఫ్యాక్టరీల లెక్కలు రాసి బతికేవాణ్ని నేను. నేను చూసినంతలో నష్టమొచ్చి విడిపోయిన స్నేహితులు తక్కువ, లాభమొచ్చి విడిపోయినోళ్లే ఎక్కువ. నష్టంలో ఎవరూ వాటా అడగరు గదా.

ఈ మధ్య మా ఊర్లో ఇంకో రకం భాగస్తులు తయారైనారు. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన ఇద్దరు పిల్లోళ్లు కామెడీ వీడియోలు తీస్తున్నారు. పాలిష్ అయిన బండలు నిలబెట్టే చోటే వాళ్ల స్టూడియో. కోత మిషన్లు తిరుగుతుంటే మాట వినబడదు కాబట్టి కరెంటు పోతేనే షూటింగ్. మా ఓనరు తల పట్టుకునే టైముకు వీళ్లు ఫోను పట్టుకుంటారు. ఒకరోజు నిలబడి చూస్తిని. ఒకడు పెండ్లిచూపుల్లో మామ వేషం కట్టి, మాటమాటకూ తువ్వాల దులుపుతున్నాడు. ఫోను పట్టుకున్నోడు మధ్యలోనే ఆపేసి, "రేయ్, నగు రాలేదురా" అన్నాడు.

"యాడ?"

"తువ్వాల కాడ. రెండోసారికే నగు అయిపాయ. మూడోసారి ఎందుకు దులిపితివి?"

వేషం కట్టినోడికి కోపం రాలేదు. తువ్వాల భుజాన వేసుకొని మళ్లీ మొదలుపెట్టినాడు. జీతానికి పెట్టుకున్నోడు ఈ మాట చెప్పడు, ఇంట్లోవాళ్లు అసలే చెప్పరు. చిన్ననాటి స్నేహితుడే చెప్పాల. కామెడీకి అంతకు మించిన పెట్టుబడి లేదని నా నమ్మకం.

కామెడీ మన దగ్గర లేదని అనుకునేరు. సినిమావాళ్లకు సీమ అంటే సుమోలు, బాంబులే గానీ, కడప జిల్లా సింహాద్రిపురం నుంచి పోయిన పద్మనాభం తెలుగువాళ్లందరినీ నవ్వించినాడు. రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ అని సొంత సంస్థ పెట్టి 1965లో 'దేవత', 1966లో 'పొట్టి ప్లీడరు' తీసినాడు. 1967లో వచ్చిన ఆయన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తోనే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమా గాయకుడైనాడు. వేషాలు వేసి సంపాదించుకున్నది సినిమాలు తీసి పోగొట్టుకోవడం వేరే కథ. నవ్వించడం ఒక విద్య, కంపెనీ నడపడం ఇంకో విద్య.

ఆ రెండో విద్య సంగతే పిల్లోళ్లను అడిగినా. "లెక్క ఎవరి ఖాతాలో పడుతుంది?"

ఇద్దరూ నేల చూపులు చూసినారు. ఛానలు మామ వేషగాడి ఈమెయిలు మీద ఉంది. యాడ్‌సెన్స్ ఖాతా కూడా వాడి పేరు మీదే. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ దాటితే ప్రకటనల ఆదాయం మొదలవుతుంది, 100 డాలర్లు కూడితే బ్యాంకుకు వస్తుంది. అంటే యూట్యూబ్ దృష్టిలో రెండోవాడు లేనట్టే. ఆ లేనోడే, "మా మధ్య లెక్కలేంది సార్" అని నాకు సర్ది చెప్పబోయినాడు. నగు రాలేదని మొహం మీద చెప్పినోడు తన వాటా ఎంతని అడగడానికి నోరు పెగలక నిలబడినాడు. నాకు నచ్చనిది ఇదే.

"బాపు, రమణ ఏ కాగితం రాసుకున్నారు సార్?" అని ఎదురడిగినాడు మామ. మంచి ప్రశ్నే. చిన్నప్పుడు మద్రాసులో కలిసిన ఆ ఇద్దరూ 2011లో రమణ పోయేదాకా విడిపోలేదు. అప్పులూ ఫ్లాపులూ రమణ 'కోతి కొమ్మచ్చి'లో దాచకుండా రాసుకున్నారు. అయితే వాళ్ల కుటుంబాలు ఒకే ఇంట్లో కాపురమున్నాయి. వీళ్లకు వేరే వేరే ఇండ్లు, రేపు వేరే వేరే పెండ్లాలు. పైగా వాళ్లలో ఒకరిది బొమ్మ, ఒకరిది మాట. 1991లో 'పెళ్ళి పుస్తకం'కు నిర్మాత రమణ, దర్శకుడు బాపు. ఎవరి పనేదో తెరమీదే రాసి ఉంది, నా లెక్కలో అదీ కాగితమే. వీళ్ల వీడియోల కింద ఛానలు పేరు తప్ప ఏ పేరూ లేదు.

లక్షలొచ్చినప్పుడు చూసుకుందాం అనేది ఇంకో వాదన. ఇంగ్లండులో మాంటీ పైథాన్ అని హాస్యగాళ్ల జట్టు ఒకటి ఉండేది. 1975లో వచ్చిన వాళ్ల సినిమా నుంచి పుట్టిన నాటకం బాగా ఆడినాక తగాదా వచ్చింది. వాటా కావాలని ఆ సినిమా నిర్మాత కోర్టుకెక్కి, 2013లో గెలిచినాడు. ఆ ఖర్చులూ ఒక కారణమై, ముసలితనంలో వాళ్లు మళ్లీ స్టేజీ ఎక్కాల్సి వచ్చింది.

మన 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే లాభం సమానంగా పంచాలి. కానీ రిజిస్టరు కాని సంస్థలో భాగస్తుడు ఆ హక్కు కోసం కోర్టుకు పోవడం కష్టం. అందుకే ఖాతాలో రూపాయి పడకముందే పార్ట్‌నర్‌షిప్ డీడు రాసుకొని రిజిస్టరు చేయించుకోమన్నా. పాస్‌వర్డు ఎవరెవరి దగ్గర ఉండాల, ఒకడు ఉద్యోగానికి హైదరాబాదు పోతే పాత వీడియోల ఆదాయం ఎట్లా పంచాల, అన్నీ అందులో ఉండాల. ఒక కాగితం తీసుకొని నేనే రాయబోయినా. సగంలో అనుమానమొచ్చి, "ఇంతకూ ఈ మామ పాత్ర ఎవరిది?" అని అడిగినా.

"నాదే సార్" అన్నారు, ఇద్దరూ ఒకేసారి.