పెరటివైపు కట్టుకోండి

"అమెరికా వాళ్ళకి చరిత్రెక్కడిదండీ!" అని మన ఇర్వింగ్ పార్టీల్లో వినని వారం లేదు. ఆ మాటన్నవారే ఊరెళ్ళి, తాతలనాటి మండువా లోగిలి పడగొట్టించి, అద్దాల డాబా లేపి ఫొటోలు చూపిస్తారు.

ఇక్కడ ఐదో వీధిలో ఓ చిన్న ఇల్లుంది. కెనెడీ హత్యకి ముందు రాత్రి ఆస్వాల్డ్ పడుకున్న రూత్ పెయిన్ గారిల్లు. చూడ్డానికి మామూలు ఇల్లే. అయినా 2009లో సిటీ కొని, 1963 నాటి రూపానికి తెచ్చి, 2013లో మ్యూజియంగా తెరిచింది. ఓ చేదు జ్ఞాపకానికే ఇంత శ్రద్ధ. మనల్ని పెంచిన ఇంటికి పలుగూ పారానా?

"మరి ఏసీ గది, అటాచ్డ్ బాత్రూము వద్దా?" అంటారు. ఎవరొద్దన్నారు? పాత ఇంటికి కొత్త గదులు కలపడానికి ఇక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ చెప్పే సూత్రాలు తేలికైనవే. కొత్తది పాతదానితో ఇమడాలి, కానీ తానే పాతదాన్నని బుకాయించకూడదు. రేపు తీసేసినా పాత ఇల్లు చెక్కుచెదరకూడదు. మన భాషలో చెప్పాలంటే, పెరటివైపు కట్టండి. పెంకు కప్పు కన్నా ఎత్తు లేపకండి. మధ్యలో సన్నటి వసారాతో కలపండి. సున్నం గోడకి సిమెంటు పూయకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. మండువా మీద స్లాబు వేయకండి, ఇంటికి గాలీ వెలుతురూ అక్కణ్ణుంచే.

మా అన్నదమ్ముల మధ్యా ఇదే వాదన నడుస్తోంది. నా వాటా డబ్బు పెరటి గదులకిస్తాను, పలుగుకివ్వను. "అక్కడ ఉండేదెవర్రా?" అంటారు వాళ్ళు. మరి డాబాలో ఉండేదెవరు? తాళం వెయ్యడానికే అయితే పాత తలుపు చాలదూ?